తలగుడ్డ అంచు

"ఇదిగో లెమోనీ, ఈ పలుకు చూడవే. మచ్చ దీన్లో ఉందా, నా కంట్లో ఉందా?"

ఆ చలికాలం మా ఇంట్లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇది. పొద్దున్న కాఫీ తాగి బల్ల దగ్గర కూర్చున్నది మొదలు, మధ్యాహ్నం పప్పు పులుసు పొయ్యి ఎక్కేదాకా, నా తోడికోడలు ఆర్గిరో ఒక్కో మస్తిక పలుకునీ కత్తిమొన మీద పైకెత్తి నా ముఖం ముందు పెట్టేది. నేను నా పని ఆపి, కళ్ళద్దాలు సర్దుకుని చూసేదాన్ని. పదింటిలో ఎనిమిదింటికి మచ్చే ఉండేది కాదు.

"నీ కంట్లోనే" అనేదాన్ని.

"అయితే సరే" అని ఆ పలుకుని మంచి వాటిలో వేసేది. మళ్ళీ రెండు నిమిషాలకి ఇంకోటి ఎత్తేది.

గ్రీసు దేశపు కియోస్ దీవిలో, దక్షిణపు ఊళ్ళలో మాకిదే పని. ఎండాకాలంలో మస్తిక చెట్ల బెరడుకి గాట్లు పెడతాం. కింద పరిచిన తెల్లమట్టి మీద బంక బొట్లుబొట్లుగా రాలి గట్టిపడుతుంది. ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి, చలికాలమంతా ఆడవాళ్ళం బల్ల చుట్టూ చేరతాం. పలుకులకి అంటుకున్న మట్టినీ బెరడునీ నల్లమచ్చలనీ చిన్న కత్తితో గీకి తీస్తాం. మచ్చ మిగిలితే మొదటి రకం కాస్తా మూడో రకం అయిపోతుంది. ఈ పనిలో మా ఊళ్ళో ఆర్గిరోని మించినవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను ఈ ఇంటి చిన్నకోడలిగా వస్తే, పెళ్ళి గౌను విప్పిన మూడో రోజే నా చేతికి కత్తిచ్చి కూర్చోబెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాం. మా బావగారు పోయి ఎనిమిదేళ్ళు. కింది గదుల్లో ఆమె ఉంటుంది, పై గదుల్లో నేనూ నా మొగుడు పంతెలిస్. వంట మాత్రం ఒకటే.

ఆమె ఎడమ కంట్లో నల్లచుక్కలు తేలడం మొదలై అప్పటికి ఏడాది దాటింది. చుక్కలూ, తెగిన దారప్పోగుల్లాంటివీ. కన్ను ఎటు తిప్పితే అటు పరిగెత్తి, కన్ను ఆగాక మెల్లగా కిందికి దిగేవట. ఆర్గిరో వాటిని ఈగలు అనేది. తెల్లగోడ చూసినా, ఆకాశం చూసినా ఈగలే. దీవి ఆసుపత్రిలో డాక్టరమ్మ, "వయసుకి వచ్చేవేనమ్మా, అలవాటు పడతారు" అని పంపేసింది. ఇంకో పనిలో ఉన్నవాళ్ళయితే అలవాటు పడేవాళ్ళేమో. తెల్లటి వస్తువులో నల్లటి చుక్కని వెతకడమే మా బతుకు.

అసలు గొడవ ఆమె నన్ను అడగడం కాదు. అడగనప్పుడు. నేను కాస్త విసుక్కున్నానా, ఇక అడిగేది కాదు. లేని మచ్చని తనే గీకేది. గీకితే పోదు కనక ఇంకా గీకేది. చిక్కుడు గింజంత పలుకు చివరికి మెంతిగింజంత అయ్యేది. మిగతాదంతా ఒళ్ళో పిండిగా రాలేది. ఎండలో నడుము విరిగేలా ఏరిన సరుకు అలా పిండి అవుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

నవంబరు చివర్లో ఒక గురువారం, పక్కింటి కిరియకూతో సహా ఆరుగురం బల్ల చుట్టూ ఉన్నాం. ఆర్గిరో ఒక పెద్ద పలుకుని, అద్దంలాంటి దాన్ని, తీసుకుని గీకడం మొదలుపెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. సగం అయింది. పావు అయింది. నా నోరు ఊరుకోదు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఆ కళ్ళు కడిగించుకో. లేదంటే కత్తి కింద పెట్టి మాకు కాఫీలు కాచిపెడుతూ ఉండు."

ఎవరూ నవ్వలేదు. మా ఊళ్ళో కాఫీలు కాచేది చూపు ఆనని ముసలమ్మలు. ఏరేవాళ్ళ మధ్య వాళ్ళకి కుర్చీ ఉండదు, పొయ్యి దగ్గర పీట ఉంటుంది. ఆర్గిరోకి అరవై ఒకటి. ఆమె కత్తిని గుడ్డతో తుడిచి, పళ్ళెం పక్కన పెట్టి లేచింది.

"ఎవరెవరికి చక్కెర వెయ్యాలి?" అని అడిగింది.

ఆ కాఫీ నేను తాగకుండా వదిలేశాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అది నాకున్న రోగం. మాట వెనక్కి తీసుకోవడం చేతకాక, దాన్ని నిజం చేసే పనిలో పడ్డాను. ఏథెన్స్ ఓడరేవు పిరేయస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఫోన్ చేసి, ఏథెన్స్‌లో ఈగలకి ఆపరేషన్ చేసే డాక్టరు పేరు రాసుకున్నాను. "వదిన కంటి జోలికి నువ్వెళ్ళకు" అన్నాడు పంతెలిస్. "నువ్వు నీ చెట్ల జోలికి వెళ్ళు" అన్నాను.

ఆర్గిరోని ఏథెన్స్ తీసుకెళ్ళాను. డాక్టరు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆర్గిరో కన్నుని చాలాసేపు చూశాడు.

"చెయ్యొచ్చు. కంటి లోపల జిగురులాంటిది ఒకటుంటుంది. అది తీసేసి ఉప్పునీళ్ళు నింపుతాం. మీ ఈగలు ఆ జిగురులోనే ఉన్నాయి, దాంతోపాటే పోతాయి. కానీ చేయించుకోమని నేను మాత్రం చెప్పను."

"ఎందుకు చెప్పరు?" అడిగింది ఆర్గిరో కాదు, నేను.

"కంటి వెనక గోడకి పల్చటి పొర ఉంటుందమ్మా. చూపంతా దాంట్లోనే ఉంది. జిగురు తీసేటప్పుడో, తర్వాతో ఒక్కోసారి ఆ పొరకి చిల్లు పడుతుంది. చిల్లులోంచి నీళ్ళు దూరితే పొర గోడని వదిలేసి ఊడొస్తుంది. అందరికీ కాదు. నూటికి ఇద్దరు ముగ్గురికి. వాళ్ళకి మాత్రం ఆ ఈగలే నయం అనిపిస్తుంది."

ఆర్గిరో తన చేతుల వైపు చూసుకుంటూ ఒక్కటే అడిగింది. "అంతా బాగా జరిగితే, ఈ కంటితో నేను మళ్ళీ ఏరగలనా?"

"బాగా జరిగితే, ఏరగలరు."

"అయితే చెయ్యండి."

ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పాడు. కంట్లో మెరుపులు మెరిసినా, ఏ పక్కనుంచైనా నీడ కమ్మినట్టున్నా, తెర పడుతున్నట్టున్నా, ఆ రోజే ఫోన్ చేయాలి. మర్నాడు కాదు, ఆ రోజే. "అర్థమైందా?" అన్నాడు. ముందు తలూపింది నేనే.

తర్వాతి ఐదు వారాలు మా ఇంట్లో పండగే. క్రిస్మస్ వచ్చిపోయింది, ఎపిఫనీ పండగ వచ్చిపోయింది, ఆర్గిరో సంబరం మాత్రం పోలేదు. ఈగలు లేవు. కిటికీలోంచి ఎదురింటి గోడ చూసి, "ఎంత తెల్లగా ఉందే" అనేది. మేమేరిన పలుకులు తన పళ్ళెంలోకి లాక్కుని, మాకు కనపడని మచ్చలు పట్టుకుని మా ముందుకి విసిరేది. నేను ఏరిన ఒక గుప్పెడు నాకే తిరిగొచ్చేసింది.

"ఇది ఏరడమా? కోడలివై వచ్చిన మూడో రోజునా ఇలాగే ఏరావు."

నాకు కోపం రాలేదు. ఒళ్ళు పొంగిపోయింది. రొట్టెల కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, కనపడినవాళ్ళందరికీ చెప్పాను. డాక్టరుని పట్టుకుంది ఎవరనుకున్నారు, టిక్కెట్లు కొన్నది ఎవరనుకున్నారు అని. వినేవాళ్ళకి విసుగొచ్చేదాకా చెప్పాను. కాఫీలు కాచుకోమన్న మాట అందరూ మర్చిపోవాలని నా ఆశ.

జనవరి మూడో వారంలో ఒక గురువారం, ఆర్గిరో తలగుడ్డని మాటిమాటికీ వెనక్కి తోసుకోవడం మొదలుపెట్టింది. ఎడమ కణత దగ్గర అంచు కంటి మీదికి జారుతోందట.

"గుడ్డ పాతబడింది, నిలవట్లేదు" అంది.

"ఉండు" అని నేనే లేచి, నా గుడ్డకున్న పిన్ను తీసి, ఆమె అంచుని చెవి వెనక్కి లాగి బిగించి పెట్టాను. "ఇప్పుడు?"

"ఊఁ, పరవాలేదు."

శుక్రవారం కూడా తోసుకుంది. పిన్ను ఇంకాస్త వెనక్కి పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం ఆమె తలంటుకుంది. తడి జుట్టు వీపు మీద ఆరబోసుకుని, పొయ్యికి దగ్గరగా కుర్చీ లాక్కుని ఏరుతోంది. తలగుడ్డ ఉతికి తలుపు వెనక మేకుకి తగిలించింది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. కిటికీలో ఎండ బాగుంది. ఆమె ఒక పలుకు తీసుకుని, గీకబోతూ ఆగి, ఎడమ చేత్తో కణత దగ్గర అంచుని వెనక్కి తోసుకుంది.

నేను మేకు వైపు చూశాను. గుడ్డ అక్కడే ఉంది, నా పిన్నుతో సహా.

ఆమె మళ్ళీ తోసుకుంది, మళ్ళీ పనిలో పడింది. నేను తల వంచుకుని నా పళ్ళెం చూసుకున్నాను.

ఆ సాయంత్రం పిరేయస్‌కి ఓడ ఉంది. రేడియోలో రేపటినుంచి గాలి పెరుగుతుందని చెప్పారు, అదీ విన్నాను. జుట్టు పడి ఉంటుందిలే అనుకున్నాను. ఆమె జుట్టంతా వీపు మీదే ఉంది, అది కూడా చూశాను. ఎందుకు నోరు విప్పలేదంటే ఏం చెప్పను. ఎప్పుడూ ఆగని నోరు ఆ ఒక్కసారి ఆగింది. అడిగితే అది నిజమవుతుందనిపించింది. నిజమైతే అది నా నెత్తిన పడుతుంది. రొట్టెల కొట్టు దగ్గర అన్నేసి గొప్పలు పోయినదాన్ని, ఏ ముఖంతో చెప్పాలి? రేపటికి తగ్గిపోతుందేమో చూద్దాం అనుకున్నాను.

ఆదివారం గాలి లేచింది. చర్చిలో ఆర్గిరో నల్ల తలగుడ్డ కట్టుకుని నా పక్కనే నిలబడి ప్రార్థన పుస్తకం చదివింది. నేను చదవలేదు, ఆమె చేతినే చూస్తూ ఉన్నాను. నాలుగుసార్లు లేచింది ఆ చెయ్యి.

సోమవారం పొద్దున్న కింది గదిలోంచి పిలిచింది.

"లెమోనీ, నా తల మీద గుడ్డ ఉందా?"

మెట్లు దిగి వెళ్ళాను. ముఖం కడుక్కుంటూ మధ్యలో ఆపినట్టుంది, గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. తల మీద ఏమీ లేదు.

"లేదక్కా."

"మరి ఇదేంటి?" అని ఎడమ కణత తడుముకుంది. "ఇక్కడినుంచి ముక్కు దాకా వచ్చేసింది. డాక్టరు తెర అన్నాడని నేను పైనుంచి పడుతుందనుకున్నాను. కిటికీకి కట్టేదానిలాగా. ఇది పక్కనుంచి వచ్చింది. గుడ్డే కదా అనుకున్నానే."

ఫోన్ చేస్తే డాక్టరు ఇవాళే బయల్దేరమన్నాడు. పంతెలిస్ ఓడరేవుకి ఫోన్ చేశాడు. గాలి జోరు తొమ్మిదో అంకె మీద, అంటే తుపాను లెక్కలో ఉంది, ఓడలు ఆపేశారు. విమానాలూ లేవలేదు. సోమవారమంతా, మంగళవారమంతా ఆమె కదలకుండా పడుకుంది. నేను పక్కన కూర్చుని కిటికీ రెక్కలు కొట్టుకోవడం వింటూ ఉన్నాను. శనివారం ఓడ ప్రశాంతంగా వెళ్ళిందని పంతెలిస్ మాటల మధ్యలో అన్నాడు. పాపం, ఏ ఉద్దేశంతోనూ అనలేదు.

బుధవారం ఓడ కదిలింది. గురువారం పొద్దున్న డాక్టరు ఆమె కన్ను చూసి, ఆపరేషన్‌కి సిద్ధం చేయమని లోపలికి పంపించి, నా దగ్గరికొచ్చాడు.

"ఎప్పటినుంచి నీడ కనపడుతోంది?"

"సోమవారం పొద్దున్నుంచి" అన్నాను.

"అంతకుముందు ఏమీ లేదా?"

"ఆమె చెప్పలేదు" అన్నాను. అబద్ధం కాదు. అంతకన్నా పాడు మాట.

అతను చీటీలో రాసుకున్నాడు. "ఆదివారం ఆ కంటితో పుస్తకం చదివానన్నారు. అంటే అప్పటికి చూపుకి నడిమధ్య భాగం గోడకి అంటుకునే ఉంది. ఇప్పుడు అదీ ఊడిపోయింది. పొరని మళ్ళీ అతికిస్తాం, అది మా పని. కానీ మధ్యభాగం ఒకసారి ఊడాక మునుపటి చూపు రాదమ్మా. ఆదివారానికల్లా ఇక్కడుంటే కథ వేరుగా ఉండేది. గాలిని ఏం చేస్తాం."

గాలిని తిట్టుకోమని నాకు వదిలేసి లోపలికి వెళ్ళాడు. నేను ఆ కుర్చీలో మూడు గంటలు కూర్చున్నాను. గాలిని ఒక్కసారి కూడా తిట్టలేకపోయాను.

ఆపరేషన్ అయ్యాక కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. బుడగ పైకి తేలుతుంది కనక ముఖం నేలకి పెట్టి ఉంచితే అది పొరని వెనక గోడకి అదిమి పడుతుందట. పది రోజులు, పగలూ రాత్రీ, తినేటప్పుడూ నడిచేటప్పుడూ కూడా ముఖం కిందికే ఉండాలి.

"కష్టమైన పని, చాలామంది ఉండలేరు. మీరు పది రోజులు తల వంచుకుని ఉండగలరా?" అని అడిగాడు డాక్టరు.

ఆర్గిరో వంచిన తల ఎత్తకుండానే, "నలభై ఏళ్ళుగా వంచుకునే ఉన్నాను నాయనా" అంది. నర్సు ఫక్కున నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

బుడగ ఉన్నన్నాళ్ళు విమానం ఎక్కకూడదు. మూడు రోజులు పిన్ని కూతురింట్లో ఉండి ఓడలోనే తిరిగొచ్చాం. ఓడలో ఆర్గిరో బల్ల మీద కోటు మడిచిపెట్టుకుని దాని మీద నుదురు ఆన్చుకుంది. ఎదురుగా ఉన్న పెద్దాయన ఆమెకి ఓడ పడలేదనుకుని సంచిలోంచి నిమ్మకాయ తీసి వాసన చూడమని ఇచ్చాడు. ఆమె కాదనలేదు. దీవి చేరేదాకా ఆ నిమ్మకాయ వాసన చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి పంతెలిస్ పాత బల్లని సిద్ధం చేసి ఉంచాడు. ఒక చివర రంపంతో ముఖం పట్టేంత గుండ్రటి కంత కోసి, చుట్టూ గొర్రెబొచ్చు తోలు కొట్టాడు. "మీ అమ్మ బల్ల ఇది" అన్నాను. "మా అమ్మ ఉంటే తనే రంపం తెచ్చిచ్చేది" అన్నాడు. ఆర్గిరో దాని మీద బోర్లా పడుకుని, కంతలో ముఖం పెట్టి అంది.

"కిందంతా ఖాళీగా ఉంది. పళ్ళెం పెట్టండి."

నిజంగానే పెట్టాం. కంత కింద నేల మీద పళ్ళెం, పక్కన దీపం. రెండు చేతులూ బల్ల పక్కలనుంచి కిందికి వేలాడేసి, మంచి కంటితో చూస్తూ ఆమె ఏరడం మొదలుపెట్టింది. మర్నాటినుంచి ఆడవాళ్ళందరూ తమ పళ్ళేలు పట్టుకుని అక్కడికే వచ్చారు. కిరియకూ వచ్చినప్పుడల్లా వంగి, బల్ల కింద తలపెట్టి, "ఇంట్లో ఎవరమ్మా ఉన్నారు?" అని పలకరించేది. "అద్దెకి ఇవ్వంపో" అనేది ఆర్గిరో కిందనుంచి. కాఫీ గొట్టం పెట్టుకుని తాగేది. కాఫీలు నేను కాచేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనే ఆ పని తీసుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. కంట్లో వెయ్యాల్సిన చుక్కల వేళయింది. ఒక్క క్షణం ఆమె ముఖం పక్కకి తిప్పి చుక్కలు వేసి, మళ్ళీ కంతలో సర్దాను. లేవబోయి లేవలేకపోయాను. పళ్ళెం పక్కకి జరిపి, బల్ల కింద నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఆమె ముఖం నాకు సరిగ్గా పైన ఉంది, జానెడు దూరంలో. ఒక కన్ను ఎర్రగా వాచి ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ పక్కపక్కనే కూర్చున్నాం మరి.

"ఏంటే ఇది" అంది.

"అక్కా, శనివారం నువ్వు తలంటుకున్నావు. గుడ్డ మేకుకి ఉంది. నువ్వు లేని గుడ్డని తోసుకున్నావు. రెండుసార్లు. నేను చూశాను."

నేనే మళ్ళీ అందుకున్నాను.

"డాక్టరు చెప్పింది నాకు గుర్తుంది. ఓడ ఉందని తెలుసు. గాలి వస్తుందనీ తెలుసు. అడగలేదు. నేనే చేయించాను కదా, చెడిపోయిందంటే నన్నంటారని భయపడ్డాను. చూసి కూడా తల దించుకున్నాను. ఆదివారానికి వచ్చుంటే చూపు నిలిచేదని డాక్టరు చెప్పాడు. గాలి వల్ల అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను."

నా నుదుటి మీద ఒక చుక్క పడింది. నేను వేసిన మందు చుక్కే కావచ్చు. అడగడానికి నాకు ధైర్యం లేదు.

"పళ్ళెం ఇటు జరిపి వెళ్ళు" అంది చివరికి. "దీపానికి అడ్డంగా ఉన్నావు."

ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాతో పనికి కావలసినంతే మాట్లాడింది. ఉప్పు, నీళ్ళు, మందు. నలుగురిలో మామూలుగానే ఉండేది, నేను చేసింది ఎవరికీ చెప్పలేదు. పంతెలిస్‌కి కూడా చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. నేనే చెప్పాను. అతను లేచి తోటకి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చేసరికి చీకటిపడింది. తిట్టి ఉంటే బాగుండేది.

బుడగ మెల్లగా చిన్నదై ఫిబ్రవరి నెలాఖరుకి పోయింది. పొర అతుక్కుందని డాక్టరు సంతోషించాడు. ఆ కంటితో ఆమెకి కిటికీ కనపడుతుంది, మనిషి వచ్చాడని కనపడుతుంది. నడిమధ్యలో మాత్రం అన్నీ వంకరే. తలుపు గడప అలలా వంగి ఉంటుందట, మనిషికి ముక్కుండదట. మస్తిక పలుకు అసలే కనపడదు. ఈగలు మాత్రం ఒక్కటి కూడా లేవు. కిరియకూ అడిగినప్పుడు ఆమే ఈ మాట చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ ఉపవాసాలు ఇంకో వారంలో మొదలవుతాయి. ఆ ఏటి సరుకులో ఆఖరి బస్తా విప్పాం. ఆర్గిరో ఏం చేస్తుందోనని అందరం లోపల్లోపల భయపడుతున్నాం. అప్పటికే నేను పొయ్యి దగ్గర పీట వేసుకుని కాఫీ గిన్నె పెట్టాను. ఆ పీట ఆమెకి వదలకూడదని నా పంతం. ఆమె వచ్చింది, పళ్ళెం తెచ్చుకుంది, ఎప్పుడూ కూర్చునే కుర్చీ దగ్గర నిలబడింది. ఆ కుర్చీకి ఎడమ పక్కది కిరియకూ కుర్చీ, కుడి పక్కది నాది.

"కిరియకూ, నువ్వు అటు వెళ్ళు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "లెమోనీ, గిన్నె దించి ఇటు రా. ఈ పక్క కూర్చో."

వెళ్ళాను. ఆమె ఎడమ పక్కన, చూపు లేని పక్కన, కుర్చీ లాగింది. కూర్చున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆమెకి ఇటువైపు కూర్చోవడం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ పక్కనుంచి ఏమొచ్చినా నాకు కనపడదు" అంది, పలుకులు పళ్ళెంలో పరుచుకుంటూ, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. "ఏదొచ్చినా నువ్వే చెప్పాలి. నీ మీదికొచ్చేదైనా సరే. చూసిన నిమిషంలోనే చెప్పాలి."

"చెప్తానక్కా" అన్నాను.

ఇద్దరం తలలు వంచుకున్నాం. ఆమె కుడి కంటికి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా ఏరుతోంది. మునుపు మూడు ఏరే వేళకి ఇప్పుడు ఒకటి. నేనూ నెమ్మదిగానే ఏరాను. పది నిమిషాలయిందో, పావుగంటయిందో, ఆమె ఎడమ కణత మీదికి ఏదో జారింది. నేను కత్తి కింద పెట్టేశాను.

"అక్కా, తలగుడ్డ."

ఆమె చెయ్యెత్తి తడుముకుంది. ఈసారి గుడ్డ ఉంది. అంచు వెనక్కి తోసుకుని, "సరే, పిన్ను పెట్టు" అని నా వైపు తల వంచింది.